పైహాలులో నాట్యం వద్దన్నాను

రిటైరయ్యాను, హాయిగా ఇంట్లో కూర్చుందామంటే మా పాత ఆఫీసువాళ్లు వదలరు. కొత్తగా చేరిన పిల్లలకి నాలుగు మాటలు చెప్పి వెళ్లమని పిలుస్తుంటారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "భారతీ ఆంటీ, మీ టైమ్‌లో కంప్యూటర్లు లేవు కదా, క్యాలిక్యులేషన్స్ ఎలా చేసేవారు?" చేసేవాళ్లం నాయనా. కాగితం ఉండేది, పెన్సిల్ ఉండేది, పనిచేసే బుర్ర ఉండేది. లెక్క ఎవరైనా చేస్తారు. ఏ లెక్క చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. మన ఉద్యోగంలో చిక్కంతా అక్కడే.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. పాత భవనాలు చూసి, ఈ గోడ ఆగుతుందా, ఈ అంతస్తు ఎంతమందిని మోస్తుంది అని చెప్పడం నా పని. కాకినాడలో చదివి, అమెరికా వచ్చి మరో డిగ్రీ చేసి, డెబ్భైల చివర్లో బాల్టిమోర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను. అవి చదివి ఎవరూ బాగుపడలేదు. ఒక మేడ గురించి రాస్తాను.

టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాం

నా మొదటి బాస్ హెరాల్డ్. అరవై దాటిన మనిషి, పొడుగు, మాట మహా పొదుపు. నేను చేరిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పాతబస్తీకి రమ్మన్నాడు. అక్కడ సన్నసన్నటి ఇటుక ఇళ్ల వరసల మధ్య ఒక రాతి మేడ ఉంది. ఊళ్లో అందరూ దాన్ని పలాజో, అంటే ఇటలీ భాషలో రాజభవనం, అంటారు. పూర్వం ఓడల వ్యాపారం చేసిన కుటుంబం ఒకటి, ఇటలీలో నాలుగు వందల ఏళ్ల నాటి రాజప్రాసాదం పడగొడుతుంటే దాని మెట్లు, ద్వారబంధాలు, రంగుల బొమ్మలు వేసిన చెక్క కప్పు ఓడల్లో తెప్పించి, వాటికి సరిపోయేలా ఇల్లు కట్టుకుంది. గుండీలు దొరికాయని చొక్కా కుట్టించుకున్నట్టన్నమాట! తర్వాత ఆ కుటుంబం పోయింది, ఇల్లు మ్యూజియం అయింది.

నేను టేపు, టార్చి, డ్రాయింగులు అన్నీ సర్దుకుని వెళ్లాను. హెరాల్డ్ వాటిని చూసి, "అవన్నీ కార్లో పెట్టేసి రా. చేతులు జేబులో పెట్టుకో," అన్నాడు. టిక్కెట్లు కొన్నాడు. గైడు వెనకాల పదిమంది టూరిస్టులతో పాటు మమ్మల్నీ తిప్పారు. గోల్డ్ రంగు, దేవదూతలు, ఎవరో ప్రభువు, ఆయన పెళ్లాం. నాకు లోపల ఒళ్లు మండిపోతోంది. ఇంజనీర్‌గా తీసుకొచ్చి ఈ షికారేమిటి అని.

బయటికొచ్చాక, "ఏం చూశావు?" అని అడిగాడు. నేను చూసిన బీటలన్నీ అప్పజెప్పాను. ఎక్కడ తేమ పట్టిందో, ఎక్కడ నేల కుంగిందో కూడా చెప్పాను. ఆయన విని, "జనం ఎక్కడ నిలబడ్డారు?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి ఆ మేడ వైపు చూశాను.

"పైహాలులో అందరూ వెళ్లి ఒకే మూల నిలబడ్డారు. అక్కడ కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. గది మొత్తం ఖాళీ, ఆ మూల మాత్రం కిక్కిరిసి ఉంది. నువ్వు లెక్క చేస్తే జనాన్ని గది నిండా సమానంగా పరుస్తావు. జనం అలా నిలబడరు," అన్నాడు. ఆ వారానికి ఆయన మాటల కోటా అక్కడితో అయిపోయింది.

అప్పట్నుంచి ఏ భవనానికి వెళ్లినా మొదటిసారి చేతులు జేబులోనే పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి. చీర కట్టుకుని వెళ్తే కొంగు పట్టుకుని నిలబడండి, అంతే గాని టేపు తీయకండి. ముందు మనుషులు ఎలా నడుస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, దేనికి ఆనుకుంటున్నారో చూడండి. డ్రాయింగులు ఎక్కడికీ పోవు. పైగా అవి అబద్ధాలు కూడా చెప్తాయి. ఒక లైబ్రరీలో డ్రాయింగు ప్రకారం ఉండాల్సిన దూలం, ఎవరో హీటింగ్ గొట్టాల కోసం సగానికి కోసేసి ఉంది. నా తోటి ఇంజనీర్ ఆఫీసులో కూర్చునే సర్టిఫికెట్ రాయబోయాడు, హెరాల్డ్ ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేశాడు.

చెప్పుల్లేకుండా, ఒక్క పిల్ల

కొన్నేళ్లు గడిచాయి. ఎనభైల మధ్యలో అన్నమాట. పలాజో పనులు మా కంపెనీయే చూసేది. ఆ మ్యూజియం నడిపే డొరోతీ అనే ఆవిడ ఒకరోజు ఆఫీసుకి ఫోన్ చేసింది. పైహాలు పార్టీలకి అద్దెకిస్తున్నారు అప్పటికి. ఒక ఇండియన్ కుటుంబం తమ అమ్మాయి డ్యాన్స్ ప్రోగ్రాం పెట్టుకుంటోందట, ఆ నేలకి ఢోకా లేదని మామూలుగా ఒక ఉత్తరం ఇచ్చేయమంది. "ఏమీ లేదు భారతీ, డ్యాన్స్ చేసేది ఒక్క పిల్లే. చెప్పులు కూడా వేసుకోదట. మా పార్టీల్లో ఆడవాళ్ల హైహీల్స్ కంటే నయం," అని నవ్వింది.

ఎవరి అమ్మాయని అడిగితే డాక్టర్ ప్రసాద్ గారి స్వాతి. నాకు తెలిసిన పిల్లే, ఇక్కడే పుట్టింది. దానికి కూచిపూడి నేర్పింది సత్యవతి గారు. విజయవాడ నుంచి వచ్చి, తన ఇంటి బేస్‌మెంట్‌లో, సిమెంటు మీద పరిచిన కార్పెట్ మీద, మోకాళ్లు అరిగేలా ఏళ్ల తరబడి మన పిల్లలకి నేర్పారు. చాలామంది మధ్యలో మానేశారు. సాకర్ అన్నారు, పియానో అన్నారు. రంగప్రవేశం దాకా, అంటే ఒక్కర్తే సాయంత్రమంతా సభలో నాట్యం చేసేదాకా నిలబడింది స్వాతి ఒక్కతే. సెప్టెంబర్‌లో ఆ పిల్ల కాలేజీకి వెళ్లిపోతుంది. ఈ ప్రోగ్రాం జరిగితే సత్యవతి గారి అన్నేళ్ల కష్టానికి ఒక రూపం వచ్చినట్టు. జరగకపోతే ఇక లేనట్టే. ఆ సంగతి ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు.

నేను హెరాల్డ్ గదిలోకి వెళ్లి విషయం చెప్పాను. "ఒక్క పిల్ల, చెప్పుల్లేకుండా," అని ఆయన కూడా సంతకానికి పెన్ను తీశాడు.

"ఆగండి," అన్నాను. చెప్పులు విప్పాను. చిన్నప్పుడు నాలుగేళ్లు నేనూ నేర్చుకున్నదాన్నే. ఆఫీసు చెక్క నేల మీద మోకాళ్లు పక్కలకి వంచి అరమండీలో కూర్చుని నాలుగు అడుగులు వేశాను. పక్కగదిలో టైపింగ్ ఆగిపోయింది. హెరాల్డ్ నా కాళ్లవైపు చూడలేదు, బల్లమీద తన కాఫీ కప్పు వైపు చూశాడు. కాఫీ వణుకుతోంది.

"ఇదే వేగమా మొత్తం?" అన్నాడు.

"లేదు. ఇదే అడుగు ముందు నెమ్మదిగా వేస్తారు. తర్వాత రెట్టింపు వేగం, ఆ తర్వాత దానికీ రెట్టింపు. అలా సాయంత్రమంతా."

ఆయన పెన్ను మూసేశాడు. "అయితే ఆ అంతస్తుకి నచ్చిన వేగం ఎక్కడో ఒకచోట తగులుతుంది," అన్నాడు.

ఇది అర్థం కావాలంటే ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. చిన్నపిల్ల కూడా సరైన సమయానికి తోస్తే ఉయ్యాల ఆకాశానికి వెళ్తుంది. పొడుగాటి చెక్క దూలాల మీద ఉన్న అంతస్తూ అంతే, దానికి ఒక ఊపు ఉంటుంది. నడిచేవాళ్లు తలా ఒక తీరున నడుస్తారు కాబట్టి ఏమీ కాదు. మన నాట్యంలో అడుగు తప్పకుండా ఒకే లయలో పడుతుంది. పైగా మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పడుతుంది.

కప్పు మీంచి రాలింది

స్వాతిని పైహాలుకి తీసుకెళ్లాం. "ఆంటీ, జస్ట్ స్టెప్స్ చేస్తే చాలా? మ్యూజిక్ వద్దా?" అంది. వద్దమ్మా, మూడు స్పీడుల్లో వేస్తూ ఉండు, నేను ఆపమనేదాకా ఆపకు అని చెప్పి కిందికి వచ్చాను. పైహాలు కింద భోజనాల గది. ఇటలీ నుంచి తెచ్చిన ఆ రంగుల కప్పు వేలాడేది అక్కడే. పై అంతస్తు దూలాలకి ఇనప పట్టీలతో వేలాడదీశారు. నేను, హెరాల్డ్, డొరోతీ ముగ్గురం తలలెత్తి నిలబడ్డాం.

మొదటి కాలంలో ఏమీ లేదు. రెండో కాలంలోకి వెళ్లగానే దీపపు గుత్తికి వేలాడే గాజు పూసలు సన్నగా మోగడం మొదలైంది. మొదట నవ్వుకున్నాం కూడా. తర్వాత నల్లటి భోజనాల బల్ల మీద బంగారు రంగు పొడి రాలింది, రవ్వంత. డొరోతీ వేలితో తీసి చూసుకుంది.  నేను మెట్లెక్కి పరుగెత్తి ఆపించాను.

స్వాతి ఒగరుస్తూ, "నేను ఏమన్నా బ్రేక్ చేశానా ఆంటీ?" అంది.

"లేదమ్మా, చాలా బాగా చేశావు," అన్నాను. ఎంత బాగా చేసిందో అదే నా బెంగ.

నిజం చెప్పాలి. అంతస్తు కూలేది కాదు. అది మేం లెక్క చేశాం. కప్పు పట్టీల సంగతే తెలియదు. ఎన్ని తుప్పు పట్టాయో, లోపల ఏ మేకు ఎలా ఉందో కప్పు విప్పితే గాని తెలియదు. ఒక సాయంత్రం మొత్తం ఆగి ఉండేదేమో కూడా. కింద గదిలో ఆ రోజు భోజనాలు పెడతారు, జనం ఉంటారు. నేను వద్దన్నాను. హెరాల్డ్ తలూపాడు. డొరోతీ ఉత్తరం పంపిస్తానంటే, "వద్దు, నేనే వెళ్లి చెప్తా," అన్నాను. వద్దనే మాట ఉత్తరంలో చెప్పకండి. ఎదురుగా కూర్చుని చెప్పి, వాళ్లు తిడితే పడండి. దానికి కూడా కలిపే మనకి జీతం ఇస్తారు.

సత్యవతి గారి బేస్‌మెంట్

సత్యవతి గారు నాకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. ప్రసాద్ గారు కూడా ఉన్నారు. చెప్పాను.

"అదేంటి భారతీ గారూ, ఇన్విటేషన్లు పోస్ట్ చేసేశాం! న్యూజెర్సీ నుంచి ఆర్కెస్ట్రాని బుక్ చేశాను. ఇప్పుడు వేరే హాల్ ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు ప్రసాద్ గారు.

సత్యవతి గారు ఆయన్ని చేత్తో ఆపారు. "అమ్మాయ్, ఊరంతా తిరిగి ఆ హాలు నేను ఏరుకున్నాను. ఎందుకో తెలుసా? ఈ దేశంలో ఎక్కడ చూసినా సిమెంటే. ఆ నేల పలుకుతుంది. అడుగు వేస్తే తిరిగి కాలికి జవాబు చెప్తుంది. అలాంటి నేల మీద పిల్ల ఒక్కసారైనా ఆడాలని నా కోరిక."

"అదేనండీ నా భయం కూడా. ఆ జవాబు కింద కప్పు దాకా వెళ్తోంది," అన్నాను.

"బరువెంతుందే ఆ పిల్ల? గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది!"

"బరువు కాదండీ, లయ."

"లయ తప్పితే తిట్టాలి గాని, తప్పకపోతే తిడతారా ఎక్కడన్నా?" ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "మన అమ్మాయివి నువ్వు. నువ్వు సంతకం పెడితే అయిపోయేదానికి నువ్వే అడ్డం పడ్డావంటే ఏమనుకోవాలి?"

"మన అమ్మాయిని కాబట్టే ఆ అడుగు ఎలా పడుతుందో నాకు తెలుసు. హెరాల్డ్‌కి తెలియదు. నేను నోరు మూసుకుంటే ఆయన సంతకం పెట్టేసేవాడు," అన్నాను. కోపం నాకూ వచ్చింది. ఏం చేయను, రాయిని కాదుగా.

 అప్పుడు ఆ మేడ నడిమి హాలు సంగతి చెప్పాను. పలాజో మధ్యలో చతురస్రంగా ఒక పెద్ద ముంగిలి ఉంది, పైన గాజు కప్పు. రాతి నేల, కింద భూమి తప్ప ఇంకేమీ లేదు. అక్కడ ఎంత ఆడినా ఎవరికీ నష్టం లేదు. కాళ్లు నొప్పెట్టకుండా, పలికేలా చెక్క వేదిక నేనే గీసి ఇస్తాను, మనమే కట్టుకుందాం అన్నాను. ప్రసాద్ గారు సరేనన్నారు. సత్యవతి గారు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం మానేశారు. చెప్పాల్సినవి ప్రసాద్ గారితో చెప్పించేవారు.

వేదిక ప్రసాద్ గారి గరాజ్‌లో రెండు శనివారాలు కూర్చుని కట్టాం. ప్రసాద్ గారి స్నేహితుడు, మత్తుమందిచ్చే డాక్టర్ ఒకాయన డ్రిల్లు పట్టుకుంటే చూసేవాళ్లకి భయమేసింది. స్వాతి ఎక్కి చూసి, "నైస్‌గా ఉంది ఆంటీ, బౌన్స్ ఉంది," అంది. సత్యవతి గారు వచ్చి ఒక అడుగు వేసి చూశారు. ఏమీ అనకుండా వెళ్లిపోయారు. బాలేదని అనలేదు కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

జనం ఎక్కడ నిలబడతారు?

ఇంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. హెరాల్డ్ మాత్రం మళ్లీ ఆ పాత ప్రశ్నే వేశాడు. "జనం ఎక్కడ నిలబడతారు?"

ముంగిలి చుట్టూ పై అంతస్తులో రాతి స్తంభాల వసారా ఉంది, గ్యాలరీ. కింద నాట్యం జరుగుతుంటే పైనుంచి చూడాలని ఎవరికి ఉండదు? అందరూ పిట్టగోడకి ఆనుకుని వంగి చూస్తారు. ఆ వసారా అంచులు అంత మందికి కట్టినవి కావు. మూసేయాలన్నాను.

"ఎంతమంది వస్తున్నారు?" అని డొరోతీ అడిగితే ప్రసాద్ గారు తల గోక్కున్నారు. "ఆర్‌ఎస్‌వీపీ వేశామండీ, మనవాళ్లు ఎవరు పంపుతారు? వస్తామని నోటితో చెప్పాక మళ్లీ కార్డెందుకు అంటారు. పైగా తెలుగులో సకుటుంబ సపరివారంగా అని వేయించాం." డొరోతీకి ఇది ఇంగ్లీషులో చెప్పడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. మెట్ల దగ్గర వెల్వెట్ తాడు కడతానంది ఆవిడ. తాడా! మనవాళ్లకా! కిందనుంచి దూరి, వెనకాల వచ్చేవాళ్లకి ఎత్తిపట్టుకుంటారు కూడా. మెట్ల దగ్గర నేనే నిలబడతానన్నాను.

ఆ రోజు కంచి పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు దొరక్క గులాబీ పెట్టుకుని, మెట్ల మొదట్లో నిలబడ్డాను. ఆ మెట్లు గోడ వెనక ఉంటాయి. అక్కణ్నుంచి ముంగిలి కనబడదు. అనుకున్నట్టే రెండింతల జనం వచ్చారు. వీడియో కెమెరా భుజాన వేసుకుని ఒక పెద్దాయన వచ్చారు.

"అమ్మా, ఒక్క నిమిషం. పైనుంచి మంచి యాంగిల్ వస్తుంది, షూట్ చేసి దిగిపోతా."

"కుదరదండీ."

"నేనెవరో తెలుసా? కార్డియాలజిస్ట్‌ని."

"నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని బాబాయిగారూ. గుండెల సంగతి మీరు చూసుకోండి, గోడల సంగతి నేను చూసుకుంటాను."

ఆయన అలిగి వెళ్లాడు. ఆ తర్వాత కూడా చాలామంది వచ్చారు. ఒకావిడ చంటిపిల్లకి బట్టలు మార్చాలంది. ఇంకొకరు పైన బాత్‌రూం ఉందట కదా అన్నారు. అందరితో చెడ్డయ్యాను. గోడ అవతల సత్యవతి గారి గొంతు, జతులు, తాళం, గజ్జెలు. సభ ఒక్కసారి నిశ్శబ్దమైపోయి, రాతి మీద ఇత్తడి జరుగుతున్న చప్పుడు వినిపించింది. తరంగం మొదలైంది. ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి, దాన్ని కదుపుకుంటూ ఆడడం. వేదిక దిగి రాతి నేల మీదే ఆడుతోందని చెవికే తెలిసిపోయింది. రెండో కాలం, మూడో కాలం. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గేముంది? ఆ పిల్లని చిన్నప్పట్నుంచి చూశాను, ఆ ఒక్కరోజు చూడలేకపోయాను. పోనీ వెళ్దామా అనుకునేసరికి ఎవరో ఒకరు మెట్లవైపు వస్తూనే ఉన్నారు.

తెలుసా అని అడిగారు

ఆ తర్వాతి రోజుల్లో నాకు ఇంకో బాస్ వచ్చాడు. నేను ఏది వద్దన్నా, "ఖచ్చితంగా తెలుసా?" అని అడిగేవాడు. తెలియదంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయనకి నేను నచ్చలేదు, నాకూ ఆయన నచ్చలేదు. వద్దన్న పని జరగదు కాబట్టి, మనం చెప్పింది సరైనదో కాదో రుజువు ఎప్పటికీ దొరకదు. ఆ బాధ భరించలేనివాళ్లు ఈ ఉద్యోగంలోకి రావద్దు. వంతెనలు కట్టే వైపు వెళ్లండి, అక్కడ కనీసం చూపించుకోడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

ఆ ప్రశ్న నన్ను మొదట అడిగింది మాత్రం సత్యవతి గారు. ఆ సాయంత్రమే. సభ అయిపోయింది, జనం భోజనాల గదిలోకి వెళ్లారు, ఆ రంగుల కప్పు కిందే పులిహోర తింటున్నారు. నేనింకా మెట్ల దగ్గరే ఉన్నాను. ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. ఇన్ని వారాల తర్వాత మొదటి మాట.

"పైహాలులో ఆడి ఉంటే నిజంగా ఆ కప్పు ఊడిపడేదా?"

అబద్ధం చెప్పొచ్చు. ఖాయంగా పడేదండీ అంటే ఇద్దరికీ మనసు తేలికపడేది.

"తెలియదండీ," అన్నాను. "పడకపోనూ వచ్చు."

"తెలియకుండానే నా మొహం మీద వద్దన్నావా?"

"అవునండీ."

 ఆవిడ మెట్టు మీద కూలబడి, మోకాళ్లు నొక్కుకుంటూ, "పళ్లెం రాతిమీద జారుతుందో లేదో నాకూ తెలియదే అమ్మాయ్," అన్నారు. "వేదిక మీదే ఆడమని చెప్పా. చివరి నిమిషంలో ఆ నేల చూసి, పిల్ల కాళ్లు చూసి, దిగి ఆడమన్నా. పడితే ఏమయ్యేదో! నా గుండె చేతిలో పట్టుకుని తాళం వేశాను."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "నువ్వు చూడలేదు కదూ?" అన్నారు. లేదన్నాను. నా చెయ్యి పట్టుకుని లేచి, ముంగిల్లోకి లాక్కెళ్లారు.

స్వాతి వేదిక అంచున కూర్చుని గజ్జెలు విప్పుకుంటోంది. ఒక కాలివి విప్పేసింది కూడా. "మళ్లీ కట్టు," అన్నారు సత్యవతి గారు. "ఆంటీ కోసం. ఆవిడ చూడలేదు."

"ఓ మై గాడ్, ఆంటీ, మీరు మిస్ అయ్యారా?" అంది స్వాతి. అలసిపోయి ఉంది, అయినా గజ్జెలు కట్టుకుంది. ఆర్కెస్ట్రావాళ్లు భోజనానికి వెళ్లిపోయారు. సత్యవతి గారు నేలమీద కూర్చుని తాళాలు తీసుకున్నారు. పిల్ల పళ్లెం మీద నిలబడింది.

అలవాటు కొద్దీ నేను ముందు తలెత్తి గ్యాలరీ వైపు చూశాను. ఎవరూ లేరు. అప్పుడు ఆ పిల్ల పాదాలవైపు చూశాను.